పేరులోనే ఉప్పు

నా భార్య పోయిన నెలలో కర్నూలులో, మా అద్దె ఇంట్లోనే కన్నుమూసింది. గుండె జబ్బు. బంధువులు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమెను ఎరగని పాఠకులకు నేను చెప్పగలిగింది ఆమె వంట గురించే. మిగతాది రాయడం ఇప్పుడు నా వల్ల కాదు.

ఆమెది కమలాపురం వైపు. మాది కర్నూలుకు పడమటి పల్లె. పొట్టేలు మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడుకు గుచ్చి మిద్దె మీద ఎండబెట్టడం రెండు చోట్లా ఉన్నదే. మా వాళ్ళు వాటిని ఒట్టితునకలంటారు. వాళ్ళు ఉప్పుకండ అంటారు. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు దగ్గర మాకు పోట్లాటే. మా అమ్మ వాటిని నిప్పుల మీద కాల్చి, రాతితో నలగ్గొట్టి, జొన్నరొట్టెలో పెట్టేది. నా భార్య దాన్ని వంటగా ఒప్పుకునేది కాదు, అడవిలో వేటగాళ్ళ తిండి అనేది. అయినా నాకు కాల్చే పెట్టేది. తనకు సంగటిలోకి పులుసు చేసుకునేది. మా పాపకు శనగనూనెలో వేయించినవి ఇష్టం. ఒకే తాడు మీది మాంసం మా ఇంట్లో ముగ్గురికీ మూడు రకాలు. అంత పని ఎందుకని నేనడిగితే, తినేవాళ్ళ నోరు వేరు కదా అనేది.

కిందటేడు ఆమె కాళ్ళు వాచాయి. డాక్టరు ఉప్పు మానమన్నాడు. మంచం వంటింటి గుమ్మం దగ్గర వేయించుకుంది. ఒక ఆదివారం పాప ఇంట్లో లేనప్పుడు నన్ను పిలిచింది.

"నేను పోతే పాపను బడి మానిపిస్తారు, నీకు అన్నం వండేదానికి. ఆ మాట వచ్చేలోపల నువ్వు నేర్చుకో."

అట్లాంటి మాటలు వద్దన్నాను. ఆమె పొయ్యి అంటించమంది.

రుచి చూసే వీలు లేదు గనుక వాసన పట్టి చెప్పేది. నూనె కాగిందనీ, మంట తగ్గించమనీ, వెల్లుల్లి మాడుతోందనీ అక్కడి నుంచే చెప్పేది. కాల్చడానికి మంట పనికిరాదు, నిప్పుల మీద తెల్లగా బూడిద కట్టేదాకా ఆగమనేది. పులుసుకైతే ముందు వేడినీళ్ళలో నానబెట్టి పిండాలి.

నేను చేసిన మొదటి పులుసు పాప ఒక ముద్ద తిని నీళ్ళ చెంబు ఎత్తింది. ఏం చేశావని ఆమె మంచం మీది నుంచే నన్ను అడిగింది. అన్ని కూరల్లాగే ఉప్పు వేశానన్నాను. ఆయాసపడుతూనే చాలాసేపు నవ్వింది.

"ఒట్టితునకలని పిలిస్తే ఇంతే మరి. మా పేరులోనే ఉప్పుండాది కదయ్యా, మళ్ళా ఏసేదెందుకు?"

అప్పటి నుంచి నేనూ ఉప్పుకండ అనే అంటున్నాను.

దినాలు ముగిశాక అందరూ వెళ్ళారు. పల్లె నుంచి వచ్చిన మా అక్క మాత్రం ఉండిపోయింది. నేను పొయ్యి దగ్గర కూర్చోవడం ఆమెకు నచ్చలేదు. ఒక పొద్దున అననే అన్నది.

"ఎదిగిన పిల్లను పెట్టుకుని నువ్వు పొయ్యి ఊదతాండావా? నలుగురూ నవ్వుతారురా. పాప చదివింది శాల్లే."

పాప గోడ పక్కన పుస్తకాలు సర్దుకుంటున్నది కాస్తా ఆగిపోయింది. సంగటి, పులుసు అక్క ముందు పెట్టాను. తిన్నది. మళ్ళీ పులుసు వేయించుకుంది. ఎవరు నేర్పినారని అడిగింది. ఎవరు నేర్పారో, ఎందుకు నేర్పారో చెప్పాను. నా భార్య అన్న మాట ఆమె అన్నట్టే చెప్పాను.

అక్క తలవంచుకుని తట్ట ఖాళీ చేసింది. లేచి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పాపను పిలిచింది.

"రామ్మా, జడేస్తా. బడికి పొద్దుపోతాది."

అక్క గుమ్మంలో కూర్చుని జడ అల్లడం మొదలుపెట్టింది. లాగినప్పుడల్లా పాప తల వెనక్కి వాలుతోంది. ఒళ్ళో తెరిచిన పుస్తకం మీద నుంచి మాత్రం చూపు తీయడం లేదు.