ఉమ్మడి అని టిక్కు పెట్టిన స్టోరేజీ

నేను చదివింది మూడో తరగతి. కంప్యూటర్ల సంగతి రాసేంత తెలివి నాకు లేదు. అయినా ఆ రోజు జరిగిన దాంట్లో నా తప్పు కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

నా మనవరాలు మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకుంటుంది. నా దగ్గరే ఉంటుంది. ఆస్పత్రి రక్తపరీక్షలు, మందుల బిల్లులు, స్కానింగులు అన్నీ సర్వర్ అనే ఒక ఇనుప పెట్టెలో ఉంటాయి. ఆ ఒక్క పెట్టెలోనే మూడు కంప్యూటర్లు ఉన్నట్టు నడుస్తాయంట. వాటిని వర్చువల్ మిషన్లు అంటారంట. ఆ పెట్టె డిస్కులు చెడిపోతా వచ్చినాయి. ఆస్పత్రి నడిపే డాక్టరు కొత్త పెట్టె తెప్పించి, "నడుస్తుండంగానే అందులోకి మార్చు. ఈ రోజే కావాలి. ఒక్క రిపోర్టు పోయినా నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు.

నా మనవరాలు పొద్దున తినకుండా పోయింది. మధ్యాహ్నం నేను అన్నం తీసుకొని పోతే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏందమ్మే, ఇట్లున్నావు?"

"రక్తపరీక్షల వర్చువల్ మిషన్ను కొత్త పెట్టెలోకి నాలుగుసార్లు పంపినా అవ్వా. అవతల డిస్కు లేదంటుంది, వెనక్కొస్తుంది. పాత పెట్టె చూడు, ఎర్ర లైటు ఆగకుండా కొట్టుకుంటాంది. అది ఆగిపోతే అన్నీ పోతాయి."

ల్యాబు నర్సు తలుపు నెట్టుకొని వచ్చింది. "అక్కా, సిస్టం పాకుతాంది. దోర్నాల నుంచి, వెలిగండ్ల నుంచి వచ్చినోళ్ళు నన్ను తిట్టిపోస్తున్నారు. నువ్వొచ్చి తిట్లు తిను, నేనిక్కడ కూచుంటా."

నా మనవరాలు హైదరాబాదులో సర్వర్ అమ్మినాయనకు ఫోను చేసింది. ఆయన స్పీకర్లో తాపీగా, "కొత్తదాంట్లో కూడా ఆ డిస్కుండే స్టోరేజీ పేరు కనిపిస్తుంది కదా మేడం. పాతదాంట్లోది డిలీట్ చేసి మళ్ళీ పంపండి" అన్నాడు. ఈమె వేలు అప్పుడే మౌసు మీదికి పోయింది.

ఆ చెయ్యి పట్టుకున్నాను. "తియ్యి చెయ్యి. కొత్త జాడీ మూత తీసి చూడకుండా పాత ఊరగాయ ఎవరన్నా పారబోస్తారా?"

"రెండింట్లోనూ అదే పేరు కనిపిస్తుందవ్వా. అది ఉమ్మడి స్టోరేజీ, రెండు పెట్టెలూ కలిసి వాడుకునే చోటు."

"ఉమ్మడి అని ఎవరు చెప్పినారు?"

తెర మీద ఒక గడిలోని టిక్కును చూపించింది. "నేనే టిక్కు పెట్టినా. ఉమ్మడి స్టోరేజీ వేరే కొనాలంటే చానా ఖర్చవ్వా. టిక్కు పెడితే ఉన్నదే రెండింటికీ సరిపోతుందనుకున్నా."

ఒక పెన్సిలు విరిచి ఇద్దరు పిల్లలకిచ్చి పెంచినదాన్ని నేను. ఉన్నదాంతోనే సరిపెట్టమని చిన్నప్పటి నుంచి ఈ పిల్ల చెవిలో పోసింది నేనే.

అత్తారింట్లో మేము వేరుపడినప్పుడు ఇట్లే అయింది. విత్తనాలు దాచిన కొట్టుగది ఉమ్మడి అని బావగారు అంటే, గిన్నెలు మాత్రమే మూటగట్టుకొని కొత్తింటికి పోయినాను. విత్తేనాటికి అడగబోతే కొట్టుకు వాళ్ళ తాళం ఉంది. నోటిమాటకు ఉమ్మడి, గింజలు మాత్రం ఆ ఇంట్లోనే.

"అవతలి దాంట్లోకి పోయి చూడు. పేరు కాదు, సరుకు చూడు" అన్నాను.

తెరిచింది. పేరుంది, లోపల ఏమీ లేదు. ఉమ్మడి అని టిక్కు ఉన్నందుకు సరుకు అక్కడ ఉన్నట్టే అనుకొని అది డిస్కును కాపీనే చెయ్యలేదంట. "డిలీట్ నొక్కి ఉంటే..." అంది. టిక్కు తీసేసి, ఈసారి డిస్కును కూడా కాపీ చేసుకొని పొమ్మని మళ్ళీ పంపింది. పాత పెట్టె కీచుమంటా ఉంది. సగం దాటినాక అంకె కదలడం మానేసింది. నా మనవరాలు కుర్చీలో ముడుచుకుంది. మెల్లగా కదిలింది. చివరికి చేరింది. నర్సు ల్యాబులో నుంచి, "రిపోర్టులు వచ్చినాయక్కా, పాతవి కూడా తెరుచుకుంటున్నాయి!" అని అరిచింది.

డాక్టరు వచ్చి, "ఇంతసేపు ఏంది?" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోమ్మే అనుకున్నాను మనసులో. అది లేచి నిలబడి, "నేను పెట్టిన సెట్టింగే తప్పు సార్" అనేసింది. అయిపోయింది దీని ఉద్యోగం అనుకున్నాను.

ఆయన రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూసినాడు. "మిగతా రెండూ సరిగ్గా చెయ్యి. పాతదాంట్లోవి నేను చెప్పేదాకా తుడవొద్దు" అని వెళ్ళిపోయినాడు.

రెండో మిషన్ను పంపేముందు అవతల ఏముందో, చోటెంతుందో నా మనవరాలు పైకి చదివింది. నేను ఊఁ అన్నాకనే బటన్ నొక్కింది.