పూత మీదున్న చిక్కుడు

అమ్మ పోయాక కూడా మా క్వార్టరు వెనక పెరట్లో ఏటా చిక్కుడు పెట్టేదాన్ని. వానలు పడగానే గింజ వేస్తే బతుకమ్మ నాటికి పందిరెక్కుతుంది. చలి ముదిరితే గానీ కాయదు. అంతదాకా అంతా ఆకే. ఓపెన్‌కాస్టు బొగ్గుగని దుమ్ము పడి ఆ ఆకులు నల్లబడుతుంటే పొద్దున్నే చెంబుతో నీళ్లు చల్లి కడిగేదాన్ని. పక్క క్వార్టరు అక్క చూసి నవ్వేది, "చంటిపిల్లకు తానం పోసినట్టే పోస్తున్నవ్ గదనే" అని. నాకు పిల్లల్లేరు. ఆమెకది తెలుసు.

నేను కాపురం చెడి పుట్టింటికి వచ్చిన ఏడాదే బాపు ఊపిరితిత్తులు పాడయ్యాయి. బొగ్గుబాయి పనికి పనికిరాడని తేల్చారు. ఆయన నౌకరి ఇంట్లో ఒకరికి వస్తుందంటే తమ్ముడికి ఇప్పించారు. ఆడపిల్లలు కూడా చేస్తున్న రోజులే అయినా నన్ను మాటవరసకైనా అడగలేదు. క్వార్టరు కూడా వాడి పేరు మీదికి మారింది. నాకు వంటిల్లూ పెరడూ మిగిలాయి. వంటింట్లో అందరూ తలా ఒక ఆజ్ఞ వేసేవాళ్లు. పెరట్లో మాత్రం ఏ గింజ ఎక్కడ వేయాలో నేనే చెప్పేదాన్ని. ఆ ఇంట్లో నా మాట చెల్లే చోటు అదొక్కటే.

పోయిన చలికాలం తమ్ముడు కారు కొన్నాడు. పందిరి తీసేసి అక్కడ షెడ్డు వేస్తానన్నాడు. అప్పటికి ఊదా పూత గుత్తులు గుత్తులుగా విరిసి, కింది గుత్తుల్లో కాయలు దిగుతున్నాయి. సిగ్గు విడిచి బతిమాలాను.

"కాత అయిపోయేదాక ఆగురా. చలి పోయినంక నేనే పీకేస్త."

"సరే తియ్ అక్కా, గంతదానికే గింత బతిమాలుడు ఏంది" అన్నాడు.

నమ్మాను.

తర్వాతి వారం బాపును దవాఖానకు తీసుకెళ్లి తిరిగొచ్చేసరికి పెరడంతా బోసిగా ఉంది. తీగను మొదలంటా నరికి గోడవార కుప్పేశారు. షెడ్డుకు గుంటలు తవ్వుతున్న మనిషి నన్ను చూసి పక్కకు జరిగాడు. మరదలు గుమ్మంలోంచే చెప్పింది, "ఈ పనాయన మళ్ల దొరకడట వదినె. మీ తమ్ముడే జల్ది కానియ్యమన్నడు."

"చూసినవా బాపూ" అన్నాను. ఆయన మంచం మీద కూలబడి, ఆయాసం తగ్గేదాకా ఆగి, నా ముఖం చూడకుండా అన్నాడు.

"క్వార్టరు వాని పేరు మీదున్నది బిడ్డా. మనల్ని ఉండనిస్తున్నడు. గది చాలు."

ఒళ్లు మండిపోయింది. బాపు మీద కూడా. కానీ ఆయాసపడే మనిషి మీద ఏమని అరుస్తాం? కుప్ప ముందు కూర్చుని ఇంకా గింజ పట్టని కాయలన్నీ తెంపాను. సాయంత్రం వాటికి ఈనెలు తీసి, టమాట వేసి, నువ్వుల పొడి చల్లి వండాను. జొన్న రొట్టెలు చేసి తమ్ముడికి పెట్టాను.

"మస్తున్నది అక్కా కూర. కాయలు లేతగున్నయ్" అన్నాడు వేళ్లు నాకుతూ. "కొంచెం రేపటికి తీసిపెట్టు, డ్యూటీకి తీస్కపోత."

నన్ను ఏడిపించాలని అన్న మాట కాదది. వాడికి నిజంగానే కూర నచ్చింది. ఆ కాయలు ఎక్కడివో వాడి మనసుకు తట్టనే లేదు. ఇవ్వను అనడానికి నోటిదాకా వచ్చింది. అని ఎక్కడికి పోను? తెల్లారి ఫస్టు షిఫ్టుకు టిఫిన్ నిండా ఆ కూరే పెట్టి, మూత బిగించి వాడి చేతికిచ్చాను.