సీసాలో కాసిన స్ట్రాబెర్రీ

కొత్తపేటలో మా పక్కింటి సైన్సు మాస్టారు ఏం జరిగినా కళ్లజోడు తుడుచుకుని, "ఆయ్, అనుకున్నట్టేనండీ" అనేవారు.

డెబ్భైల చివర్లో ఆయన బెంగళూరు నుంచి స్ట్రాబెర్రీ మొక్కలు తెచ్చి, మట్టి లేకుండా ఇంట్లోనే పెంచడం మొదలెట్టేరు. కిటికీలో గాజు సీసాలు, వాటిలో ఎరువు కలిపిన నీళ్లు, మొక్క నిలబడ్డానికి మూతిలో కొబ్బరిపీచు. వేళ్లు కుళ్లి ఒక్కోటీ పోతుంటే కూడా, "అనుకున్నట్టేనండీ" అన్నారు. చివరికి మిగిలిన ఒకే ఒక్క మొక్క ఒకే ఒక్క పండు కాసింది.

ఆయన అంతవరకూ స్ట్రాబెర్రీ రుచి ఎరగరు. అయినా తొలిపంట దేవుడిదని కోతపండగకి చర్చికి పట్టుకెళ్లి, గుమ్మడికాయల పక్కన సాసర్లో పెట్టేరు. ప్రార్థనయ్యేక ఆ కానుకల్ని వేలం వేస్తారు; అందులో తనే పాడుకుందామని ఆశ. కానీ మాస్టారి పండు పైవాళ్లకి పోకూడదని మా అమ్మ ముందే పాడేసింది. "అమ్మగారు పాడేక నేనెలా పాడతానండీ" అని ఆయన ఆగిపోయేరు.

మధ్యాహ్నం అమ్మ ఆయన్ని భోజనానికి పిలిచింది.

"గిల్లి చూస్తే పులుపండీ మాస్టారూ. పచ్చిమిరపకాయలేసి రోటిపచ్చడి చేసేసేను."

మాస్టారు ఆ పచ్చడంతా అన్నంలో కలుపుకు తిన్నారు. కళ్లమ్మట నీళ్లు కారిపోతుంటే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎలా ఉందండీ పండు?" అంది అమ్మ.

"ఆయ్, అనుకున్నట్టే ఉందండీ."