గాలి మార్పుకు తీసుకున్న ఇల్లు

1930ల నాటి మాట. నేను తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమాస్తాగా చేరిన కొత్తలో మా అక్కకు క్షయ పట్టుకుంది. గాలి మార్పు కావాలని డాక్టరుగారు చెప్పడంతో మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున ఒక పెంకుటిల్లు వేసవికి అద్దెకు తీసుకున్నాం. రోగి ఆఖరి స్థితికి వస్తే ఇంట్లో ఉంచకూడదని ఇంటి యజమాని అద్దె కాగితంలో రాయించారు. బాగుపడడానికే కదా వస్తున్నామని నాన్న సంతకం పెట్టారు.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం అక్కకు ఎగఊపిరి మొదలైంది. కబురు తెలిసి యజమాని వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు.

"ఏవండీ, నాకూ కడుపు తరుక్కుపోతుందండీ. కానీ ఇవాళ ధనిష్ఠా నక్షత్రమండీ. ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలండీ. నా బతుకు ఈ అద్దె మీదేనండీ."

"సాయంత్రం దాకా ఆగండి బాబూ, ఎండ తగ్గనివ్వండి" అని నాన్న బతిమాలారు.

"నేను ఆగుతానండీ. అమ్మాయిగారు ఆగాలి కదండీ."

నాన్నా నేనూ అక్కను మంచంతో సహా మోసుకెళ్లి కొల్లేటి గట్టు మీద దించి గొడుగు పట్టాం. అక్క కళ్లు తెరిచి, "మనింటికేనా, తమ్ముడూ?" అంది.

"అవునక్కా" అన్నాను.

పొద్దు వాలకముందే, ఆ గట్టు మీదే పోయింది.

మరుసటి ఏడు తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో ఒక వాటా అద్దెకిస్తూ నాన్న కూడా అదే షరతు రాయించారు. అది చూశాక ఆ యజమాని మీద కోపం పెట్టుకునే వీలు కూడా నాకు లేకుండా పోయింది.