పేరు చెప్పి మోగే ఫోను

మా గైడ్ సారు కొత్తగా కారు కొన్నారు. సీతాఫల్‌మండి నుంచి క్యాంపస్‌కి, నడిచి రాగల దూరానికి, కారు. స్టీరింగ్ పట్టుకుని ఫోన్ చూడలేరు గనక ఎవరు చేస్తున్నారో ఫోనే పైకి చెప్పాలట. ఆ ఏర్పాటు చెయ్యడానికి తెలుగు శాఖ మొత్తంలో దొరికినదాన్ని నేనే.

నేను వెళ్ళింది సంతకం కోసం. థీసిస్ ఇవ్వడానికి నాకున్న గడువు ఆ శుక్రవారంతో ఆఖరు. నెల రోజులుగా తార్నాకలోని నా అద్దె గదిలోంచి రోజూ ఫోన్ చేశాను. ఒక్కసారీ ఎత్తలేదు. మీటింగుల్లో ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. నా ఫోన్‌లో ఆయన పేరు 'గైడ్ సార్ వెంటనే ఎత్తాలి'. ఎంత వెర్రిదాన్నో చూడండి. గది బయట బెంచీ మీద ఇద్దరు సీనియర్ అక్కలు కూడా పొద్దుటి నుంచి ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నారు.

ఫారం బల్ల మీద పెట్టాను. సారు కళ్ళజోడు తీసి దాని మీద పెట్టి, ఫోన్ నా చేతికిచ్చారు.

"సంతకం ఏడికి పోతది? ముందుగాల దీని సంగతి చూడమ్మా."

సెట్టింగుల్లోకి వెళ్ళి, కాల్ వస్తే పేరు చదివే ఆప్షన్ ఆన్ చేశాను. ఫోన్ ఆయన ముందు పెట్టి, నా ఫోన్ నుంచి రింగిచ్చాను. ఇంగ్లీషులో "కాల్ ఫ్రమ్" అని ఆగిపోయింది.

"గిదేంది, పేరు మింగుతున్నది?"

"గొంతు ఇంగ్లీషుది సార్. మీరు పేర్లు తెలుగులో రాసుకున్నారు, అది చదవలేదు."

"నేను అన్నీ తెలుగులనే రాసుకుంట. మన భాషను మనమే కాపాడుకోవాలె," అన్నారు. సభల్లో శాలువా కప్పించుకుని చెప్పే మాటే అది. నాకు కంఠతా వచ్చు.

గొంతు తెలుగుకి మార్చి మళ్ళీ రింగిచ్చాను.

"ఎత్తొద్దు మూడు కాల్ చేస్తున్నారు," అంది ఫోన్, గది మారుమోగేలా. ఒక్క ఒత్తు కూడా పోలేదు. పైగా "చేస్తున్నారు" అంది. ఆ గదిలో నాకు మర్యాద ఇచ్చింది అదొక్కటే.

ఆయన ఫోన్‌లో నా పేరు అదన్నమాట. ఒళ్ళు మండిపోయింది. కట్ చెయ్యలేదు. ఇంకో రెండుసార్లు చెప్పనిచ్చాను.

సారు కళ్ళజోడు కోసం బల్లంతా తడుముకున్నారు. "ఫోన్ కరాబైనట్టున్నది," అన్నారు.

"లేదు సార్. ఇప్పుడే బాగైంది."

ఆయన నా మొహం చూడలేదు. కళ్ళజోడు కింది ఫారం లాక్కుని, చదవకుండానే సంతకం పెట్టేశారు. ఐదేళ్ళు కూర్చుని రాసిన థీసిస్‌కి రాని చలనం ఒక్క రింగుకి వచ్చింది.

బయటికొస్తే బెంచీ మీద అక్కలిద్దరూ తలెత్తారు. ఒకటీ రెండూ ఎవరో నేను వేరే అడగాలా?

"సార్ ఫోన్ ఎత్తుతున్నరా?" అంది ఒక అక్క.

"బయట నుంచి చెయ్యకండక్కా," అన్నాను. "లోపలికెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని చెయ్యండి."