అత్వెల్లి తెల్ల కారు శామీర్‌పేట చేరిన వైనం

మన నగరపు ఉత్తర శివార్లలో పాత కార్లు ఉన్నవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. రేకుల షెడ్డు కింద గుడ్డ కప్పి ఉంచుతారు. పండగకు కడిగి, బొట్టు పెట్టి, మళ్లీ కప్పేస్తారు. నడవకపోతే మెకానిక్ వస్తాడు, స్క్రూ తిప్పుతాడు, నాలుగు రోజులు నడిచి మళ్లీ ఆగుతుంది. ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బురేటర్ మీద మేడ్చల్ గ్రంథాలయంలో ఉన్నవన్నీ నేను చదివాను. ఇంగ్లిషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని మరీ చదివాను. కానీ మొన్న ఆదివారం నా కళ్లతో చూసిన కారణం వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. అది మన ఇళ్లలోనే జరగగలిగిన పొరపాటు కనుక మనమే రాసి పెట్టుకోవాలి. రాయమని ఆ కారు గలావిడే చెప్పింది కూడా.

నేను పేట్ బషీరాబాద్‌లో ఉంటాను. మాది తణుకు వైపు. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నాకు కారు లేదు. చదివిందంతా నా పాత స్కూటరు మీద ప్రయత్నించి చూసుకున్నాను. అత్వెల్లిలో ఎరువుల దుకాణం నడిపే విజయమ్మ ఒకరోజు గ్రంథాలయానికి వచ్చి పాత కార్ల రిపేరు పుస్తకం అడిగింది. లైబ్రేరియన్ సుధాకర్ గారు, ఆ పుస్తకం నెలరోజులుగా నా దగ్గరే ఉందని చెప్పి, కిటికీ పక్కన కూర్చున్న నన్ను చూపించారు.

కారు వాళ్ల బాపుది, అంటే నాన్నది. విజయమ్మ స్టీరింగు పట్టడం నేర్చుకున్నది దాని మీదే. ఆయన పోయి నాలుగేళ్లయింది, అప్పటి నుంచి అది ఒక్కరోజూ సరిగ్గా నడవలేదు. ప్లాట్ల వ్యాపారం చేసే ఆమె తమ్ముడు మధు విసిగిపోయి, శామీర్‌పేట చెరువు దగ్గర స్నేహితుడి రిసార్ట్‌కు ఇచ్చేస్తానన్నాడు. వాళ్లు ఇంజన్ తీసేసి, ఫొటోలు దిగడానికి గేటు దగ్గర నిలబెడతారట. అక్క ఒప్పుకోలేదు. చివరికి మధు ఒక మాట ఇచ్చాడు.

"ఆదివారం రెండు గొట్టేలోపు నువ్వే నడుపుకుంట రిసార్ట్ గేటు దాక రా. వస్తే ఇంటికే తీస్కపో. తోసుకుంట వస్తే గాడనే ఉంటది."

ఆ ఆదివారం ఉదయం ఏడుంపావుకి పేట్ బషీరాబాద్‌లో మేడ్చల్ బస్సెక్కాను. సంచిలో స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, బారెడు రబ్బరు గొట్టం ఉన్నాయి. ఆ గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెడితే గాలి ఎంత పీలుస్తోందో వినిపిస్తుంది. పక్క సీటు పెద్దమనిషి దాన్ని చాలాసేపు చూసి, "డాక్టరా, ప్లంబరా?" అని అడిగాడు. కార్బురేటర్ సంగతి చెప్పాను.

"గవి ఇంక యాడున్నయ్ సార్? మా మనుమని బండిల గూడ లేదు," అని కిటికీ వైపు తిరిగాడు.

ఈ దారిన వెళ్లేవాళ్లు టిఫిన్ మేడ్చల్‌లోనే చేయడం మంచిది. డిపో ఎదురు సందులో ఇడ్లీ వేడిగా దొరికింది. అక్కడి నుంచి షేర్ ఆటోలో అత్వెల్లి చేరేసరికి ఎనిమిదిన్నర.

షెడ్డులో గుడ్డ తీయగానే కారు పాలరంగులో మెరిసింది. బానెట్ ఎత్తాను. కార్బురేటర్ నెత్తిన గుండ్రటి ఇత్తడి మూత, దాని మీద పసుపు, కుంకుమ. బాపు ఉన్నప్పటి నుంచీ దసరాకు అక్కడే బొట్టు పెడతారని విజయమ్మ చెప్పింది. ఆ మూత విప్పి లోపల గాలి దారిని తెరిచి మూసే చిన్న పిస్టన్ తేలిగ్గా జారుతోందో లేదో ముందు చూడమని పుస్తకం చెబుతుంది. బొట్టు పెట్టినదాన్ని స్పానర్‌తో పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. అది వదిలేసి మిగతావన్నీ పుస్తకం ప్రకారం చేశాను.

ఇంజన్ వేడెక్కనిచ్చాను. వేగం తగ్గినప్పుడల్లా ఆగిపోబోతోంది. అంటే పెట్రోలు చాలడం లేదు. కార్బురేటర్ అడుగున ఉన్న నట్టును కొద్దికొద్దిగా దింపి పెట్రోలు పెంచాను. గొట్టం చెవిన పెట్టి విన్నాను. పదిన్నరకు శబ్దం నిలకడగా వచ్చింది. పొగ గొట్టం నుంచి మాత్రం నల్లటి పొగ కొంచెం వస్తోంది. అది దారిలో సర్దుకుంటుందని విజయమ్మకు ధైర్యం చెప్పాను.

చుట్టు దారైనా దేవరయాంజాల్ మీదుగా పోదామని, సీతారామస్వామికి దండం పెట్టుకుంటే మంచిదని ఆమె అంది. హైవే మీద కారు దర్జాగా పోయింది. ఆమె స్టీరింగు మీద వేళ్లతో తాళం కూడా వేసింది. గుడి మలుపులో వేగం తగ్గించగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ అయింది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆగింది. గుడి నుంచి వస్తున్నవాళ్లు నలుగురు కలిసి దాన్ని పక్కకు తోశారు. అప్పటికి పన్నెండు కావస్తోంది.

విజయమ్మ స్టీరింగు వదల్లేదు. "మధుకు ఫోన్ జేసి బండి పంపుమంట సార్. మీరు గింత దూరం వచ్చిండ్రు, గదే సాలు," అంది. ఆ గొంతు విన్నాక నాకు సంకోచం పోయింది. బొట్టున్న మూత విప్పవచ్చా అని అడిగాను.

"విప్పుండ్రి. బాపు గూడ విప్పెటోడు. ప్రతి దసరకు అండ్ల ఇంత నూనె పోసేటోడు. ఆయన పోయినంక నేను పోస్తున్న."

మూత తిప్పి తీశాను. లోపల అంచు దాకా చిక్కటి ద్రవం, వేలికి బంకలా సాగింది. వాసన చూడగానే తెలిసిపోయింది, మా అమ్మ దీపాలకు వాడేదే. ఏ నూనె పోశారని అడిగాను.

"ఆముదం. దేవుని గూట్లది."

నేను మెల్లగా చెప్పాను. అక్కడ నూనె పోయాల్సిందే, కానీ పల్చటి ఇంజన్ ఆయిల్, అదీ కొద్దిగా. లోపలి పిస్టన్ తొందరపడి ఎగరకుండా అది పట్టి ఉంచుతుంది. ఆముదం పొంగి పక్కలకు దిగి, వేడికి జిగురై, పిస్టన్‌ను పైనే పట్టేస్తోంది. కిందికి దిగకపోతే గాలి ఎక్కువై ఇంజన్ ఆగిపోతుంది. అది తెలియక మెకానిక్‌లందరూ పెట్రోలు పెంచారు. పొద్దున నేను చేసిందీ అదే.

ఆమె ఇత్తడి మూతను నా చేతిలోంచి తీసుకుని చూసింది. తరువాత, "గా గూట్ల రెండు సీసలుండె సార్," అంది. "చిన్న సీస కారుదని నాకెర్కలేదు. బాపు నూనె పోస్తాంటే దేవుని నూనెనే అనుకున్న." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాలుగేండ్లు దీన్ని నేనే ఆపిన."

గుడికి ఎదురుగా దర్జీ ఆంజనేయులు దుకాణం తెరిచి ఉంది. ఆయన కుట్టుమిషన్ నూనె సీసా, పాత గుడ్డపేలికలు ఇచ్చాడు. ఇత్తడి మూత కింద గంటలా ఉండే పెద్ద మూతతో సహా పిస్టన్‌ను బయటికి తీసి, పెట్రోలుతో జిగురు పోయేదాకా తుడిచాం. తుడిచింది ఎక్కువగా విజయమ్మే, నన్ను ముట్టుకోనివ్వలేదు. తిరిగి బిగించి, పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కిందికి పడింది. కుట్టుమిషన్ నూనె కొద్దిగా పోశాను. పొద్దున నేను దింపినంత, అంతకుముందు మెకానిక్‌లు దింపినంత కలిపి, ఆ నట్టును మెల్లగా పైకి తిప్పుతూ వచ్చాను. నల్ల పొగ పోయింది. ఇంజన్, మెల్లగా మాట్లాడినా వినిపించేంత నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది.

"అక్కా, నా మిషన్ కన్న సప్పుడు తక్కువున్నది," అన్నాడు ఆంజనేయులు.

తూంకుంట దగ్గర సిగ్నల్ పడింది. విజయమ్మ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. ఇంజన్ ఆగలేదు. శామీర్‌పేటలో రిసార్ట్ గేటు చేరేసరికి రెండుకు ఇంకా పావుగంట ఉంది.

మధు బయటే నిలబడి ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి విన్నాడు. ఇంజన్ ఎప్పుడు విప్పిద్దామని రిసార్ట్ స్నేహితుడు అడిగాడు. విజయమ్మ దిగి, దాపరికం లేకుండా అంతా చెప్పింది. తప్పు తనదేనని, ప్రతి దసరాకు అందులో ఆముదం పోసింది తానేనని చెప్పింది.

మధు తల వంచుకున్నాడు.

"నేను గూడ పోసిన అక్కా. నువ్వు మర్సిపోయినవేమోనని. నాలుగు దసరలు."

తరువాత అతనే స్నేహితుడి వైపు తిరిగి, "నువ్వింకో కారు సూస్కోరా," అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి అక్కాతమ్ముళ్లు నన్ను అదే కారులో శామీర్‌పేట బస్‌స్టాప్‌లో దింపారు. ఈసారి మధు నడిపాడు, గేర్లు తప్పు వేసినప్పుడల్లా అక్క తిట్టింది. బస్సులో అల్వాల్ దాకా, అక్కడి నుంచి సుచిత్ర చౌరస్తా మీదుగా ఇల్లు. దారంతా నాకు అర్థమైంది ఒకటే. పుస్తకంలో ఉన్న వరస ముఖ్యమే, కానీ ఆ ఇంట్లో ఆ యంత్రానికి ఏటేటా ఏం చేస్తున్నారో అడగడం అంతకన్నా ముందు పని. బొట్టు చూసి వెనక్కి తగ్గకుండా మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు.

పుస్తకం గడువు పెంచి నా దగ్గరే ఉండనిచ్చిన సుధాకర్ గారికి, అడగకుండానే కారు తోసి పేర్లు చెప్పకుండా వెళ్లిపోయిన ఆ నలుగురికి, మిషన్ నూనె ఇచ్చిన ఆంజనేయులుకు, ఉన్నమాట అక్క ముందు ఒప్పుకున్న మధుకు, ఇదంతా రాయమన్న విజయమ్మకు నా కృతజ్ఞతలు. చిన్న సీసాలో ఏ నూనె ఉందో తెలిసిన ఒకే ఒక్క మనిషి, నేనెన్నడూ చూడని వాళ్ల బాపు బాల్‌రెడ్డి గారికి నమస్కారం.