తిల్కక్క బాగుచేసిన కార్బురేటర్

తిల్కక్క రేడియోల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి టంకాలు పెట్టిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కోళ్లు పెంచుకుంటూ, గుమ్మడి గింజల నూనె ఆడించి అమ్ముకుంటూ ఊళ్లోనే ఉండిపోయింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం సంతలో అవతలి చివరకు వినిపిస్తుంది.

మురా నది ఒడ్డున మా ఊళ్లన్నిట్లో నిప్పంటుకుంటే ఆర్పేది ఊరివాళ్లే. మగవాళ్లకో జట్టు, ఆడవాళ్లకో జట్టు ఉంటాయి. మా ఆడజట్టులో పంపు నడిపేది తిల్కక్క, గొట్టం పట్టేది నేను. కొత్త పంపు మగవాళ్లు ఉంచుకుని, తాతల నాటి ఎర్రపంపు మాకు అంటగట్టారు.

ఏటా వేసవిలో వాగు పక్క పచ్చికలో పాత పంపుల పోటీ జరుగుతుంది. ఆడా మగా జట్లు కలిసే పోటీ పడతాయి. ఒక ఏడాది మేం గొట్టాలు చకచకా బిగించాం, ఇంజను అందుకుంది, నీళ్లు ఎక్కుతున్నాయి. ఇంతలో ఇంజను దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. తిల్కక్క తాడు లాగుతూనే ఉంది. అది మళ్లీ పలికితే ఒట్టు. వాగు అవతలి ఊరివాళ్లు బల్లల మీద దరువేసి మరీ నవ్వారు. వాళ్ల నాయకుడు ఓజ్బాల్ట్ అయితే, "తిల్కా! నీళ్లు రాకపోతే కాస్త వైన్ పోసి చూడవే!" అని అరిచాడు. 

మరుసటి వసంతంలో ఆవిడ మరిది వింకో ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద అతనే.

"వదినా, మారిబోర్ పట్నం నుంచి ఇంజనుకు కొత్త కార్బురేటర్ తెప్పించా. ఆ పాతదానికి సెలవిచ్చెయ్. హాయిగా ఉంటుంది."

"నీ నోట హాయి అన్న మాట వస్తేనే నాకు గుబులు వింకో."

అన్నదే గానీ బిగించింది. ఇంజను మొదటి లాగుకే అందుకుంది. వింకో మీసం సవరించుకున్నాడు. తీరా గొట్టం వాగులో దించి జోరు పెంచేసరికి ఇంజను ఆయాసపడింది. నా చేతిలోని గొట్టం నుంచి నీళ్లు పూలకుండీకి పోసినట్టు నా కాళ్ల ముందే పడ్డాయి.

"బోల్టులు సరిపోయాయి గానీ గాలి పోయే గొంతు సరిపోలేదు. ఇది చిన్న ఇంజనుది," అంది తిల్కక్క.

"పెట్రోలు దిగే జెట్టు రంధ్రం కొంచెం పెంచితే?" అన్నాడు వింకో.

"పెట్రోలు ఎక్కువ దిగుతుంది, సరే. గాలి నువ్వు ఊదుతావా?"

సరైన సైజుది ఎక్కడా దొరకదని తేలింది. ఆ రకం ఇంజన్లు చేయడం ఎప్పుడో మానేశారు. తిల్కక్క పాతదాన్ని వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి విప్పింది. లోపల పెట్రోలు మీద తేలే ఇత్తడి బుడ్డి తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గలగలమంది. వేడినీళ్లలో ముంచితే అతుకు దగ్గర్నుంచి సన్నగా బుడగలు దారంలా లేచాయి.

"ఇదీ దొంగ! ఇందులోకి పెట్రోలు దూరి ఇది మునుగుతోంది. ఇది మునిగితే పెట్రోలుకు అడ్డు లేక ఇంజను గొంతులో పొర్లుతుంది. అందుకే ఆ పొగ!"

అంతటితో అయితే బాధే లేదు. గాలి తలుపు తిరిగే ఇరుసు కూడా వదులై, పక్కల నుంచి గాలి లాగుతోంది. దానికి లేత్ మిషను మీద రంధ్రం తొలిచి, ఇరుసు చుట్టూ బిగుతుగా పట్టే బుష్ తొడుగు వెయ్యాలి. తొలిచేటప్పుడు చెయ్యి తప్పిందా, పాతది కూడా చేతికి రాకుండా పోతుంది. జట్టంతా ఆ వంటింట్లోనే వాదించుకున్నాం. నేనూ కొత్తదాని వైపే మాట్లాడాను.

"అక్కా, కొన్నైనా నీళ్లొస్తాయి. ఆగిపోలేదన్న పరువైనా దక్కుతుంది."

"ఆఖరున నిలబడ్డానికి అంతదూరం గొట్టాలు మోసుకెళ్లడమెందుకే? దీని ఒళ్లు గట్టిగానే ఉంది. చెడినవి రెండే. రెండూ బాగుచేద్దాం," అందావిడ. 

బుడ్డిలోని పెట్రోలంతా పోయేదాకా వేడినీళ్లలో ఉంచి, ఎండలో ఆరబెట్టి, టంకం పెట్టింది. టంకం ఎక్కువైతే బరువెక్కి మునుగుతుందని అతుకు వెంట్రుకంత సన్నగా లాగింది.

ఇక మిగిలింది లేత్ పని. చుట్టుపక్కల లేత్ ఉన్నది ఒక్క ఓజ్బాల్ట్‌కే. తిల్కక్క ఒక సీసా గుమ్మడి నూనె చంకన పెట్టుకుని తిన్నగా వాళ్లింటికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"శత్రువు ఇంటికే వచ్చావే! నేను రంధ్రం వంకరగా తొలిస్తే?" అన్నాడు ఓజ్బాల్ట్.

"వంకర పని చేసే మొహమైతే నీ గడప తొక్కేదాన్నే కాదు."

ఆయన నవ్వాపుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తొలిచేంతసేపూ ఊపిరి బిగబట్టినట్టున్నాడు. బుష్ కూర్చున్నాక తిల్కక్క ఇరుసును వేలితో తిప్పి చూసింది. ఊగలేదు, పట్టెయ్యలేదు.

"ఓడిపోవడానికైనా మంచి బుష్షుతో ఓడిపో," అన్నాడు.

"నూనె సీసా దాచుకో ఓజ్బాల్ట్, ఓడిన బాధలో సలాడ్‌లోకి పనికొస్తుంది."

పోటీ రోజు మాకు ఎదురుగా పడింది వాళ్ల జట్టే. చెక్కతో చేసిన ఇంటి కిటికీలోంచి నీళ్లు కొట్టి లోపలి డబ్బా నింపాలి. నిండితే పైన జెండా లేస్తుంది. ఈల మోగింది. గొట్టాలు బిగించాం. తిల్కక్క తాడు లాగింది. పలకలేదు. అవతల వాళ్ల ఇంజను అప్పుడే గర్జిస్తోంది. బల్లల దగ్గర దరువు మొదలైంది. ఆవిడ అటు చూడనైనా చూడలేదు, మళ్లీ లాగింది. ఎర్రపంపు ఒక్కసారి తుమ్మి, గొంతు సవరించుకుని, అందుకుంది.

"పట్టుకోవే!" అని అరిచింది తిల్కక్క.

పట్టుకునేలోపే గొట్టం నన్ను వెనక్కి నెట్టింది. వెనకనున్న పిల్ల వీపుతో ఆపకపోతే పచ్చిక మీద పడేదాన్ని. నీటిధార గట్టి కర్రలా కిటికీలోకి దూసుకెళ్లింది. పొగ లేదు, దగ్గు లేదు. తిల్కక్క జోరు పెంచుతుంటే పంపు ఇంకా ఇంకా ఇస్తోంది. మా జెండా టక్కున లేచింది. వాళ్ల జెండా ఇంకా తలే ఎత్తలేదు!

పచ్చికంతా కేకలు. మేమంతా ఆవిడ మీద పడ్డాం. గ్రీసు చేతులతో మా అందరి మొహాలూ నల్లగా చేసింది. వింకో, "మా వదిన! మా వదిన!" అంటూ కనిపించిన ప్రతివాడి భుజం చరిచాడు. ఓజ్బాల్ట్ సోడా కలిపిన తెల్ల వైన్ గ్లాసులు రెండు పట్టుకొచ్చాడు.

"నా బుష్షే నా కొంప ముంచింది," అన్నాడు.

"బుష్షు నీది, బుడ్డి నాది. ఇద్దరం గెలిచాం, తాగు," అందావిడ.

ఆ ఏటి నుంచి ఎక్కడెక్కడివాళ్లో పాత కార్బురేటర్లు సంచుల్లో వేసుకుని ఆవిడ వాకిట్లోకి రావడం మొదలెట్టారు. ఒకాయన పగిలినదాన్ని ముద్దుగా గుడ్డలో చుట్టి తెచ్చాడు. తిల్కక్క వెలుతురుకు పట్టి చూసి, "బాబూ, దీని ఒళ్లే పగిలింది, ఇది పారెయ్. కొత్తది కొనుక్కో. గొంతు కొలత చూసి మరీ కొనుక్కో," అంది.

ఆయన మొహం చిన్నబోయింది. తిల్కక్క లోపలికెళ్లి, మా వైపు పొరలు పొరలుగా చేసే తీపి గిబానిట్సా వేడిది ఒక పెద్ద ముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.